గొట్టం మాట విన్న నూకరత్నం

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊ కొడతావా మరి? ఊ కొట్టకపోతే మధ్యలోనే నేను నిద్రపోతాను, ఆ తర్వాత నీ ఇష్టం.

అనగనగా ఒక ఊరు. జారుడుబల్ల మీద కూర్చోబెట్టినట్టు ఏటవాలుగా ఉండేది. మెరక మీద నీళ్ళ ట్యాంకు. అక్కణ్ణించి భూమి లోపల ఇనప గొట్టం. ఆ గొట్టం నుంచి ఇంటింటికీ కుళాయి. అన్నిటికన్నా కింద, ఆఖరి ఇల్లు ఎల్లాజమ్మది. ఆవిడకి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఒక గేదె ఉండేది. దాని పాలు అమ్ముకునే బతికేది.

ఒక ఎండాకాలం ఏమైందంటే, పల్లంలో కుళాయిలన్నీ ఎండిపోయాయి. పొద్దున్నే ట్యాంకు నిండుగా ఉండేది. వదిలీ వదలగానే ఖాళీ. కింద వీధి బిందెల్లో మాత్రం చుక్క పడేది కాదు. మరి నీళ్ళు ఎవరు తాగుతున్నట్టు? ఊరంతా ఒకటే గోల.

అప్పుడు ప్రెసిడెంటు సూరప్పగారు మీసం దువ్వుకుని, "మన గొంతులు ఎండిపోతంటే ఎల్లాజమ్మ గేదె ఒళ్ళు నిగనిగలాడతంది, చూశారా? దొంగ ఆవిడే!" అన్నారు.

నిజానికి ఎల్లాజమ్మ రోజూ గేదెని అంత దూరం ఏటికి తోలుకెళ్ళి కడిగేది. ఆ ఏరు కూడా ఇవాళో రేపో ఎండిపోయేలా ఉంది. "నాను దొంగని కాను బాబూ" అని మొత్తుకుంది. ఒక్కళ్ళు వింటేనా! ఆవిడ కుళాయి కోసెయ్యాలన్నారు. ఏరు ఎండిపోతే, రేపు మళ్ళీ నీళ్ళొచ్చినా కుళాయి లేక గేదెకి కుడితి దేంతో కలుపుతుంది? అమ్ముకోవడమే. ఆ తర్వాత ఏం తిని బతుకుతుంది? పాపం, గేదె మెడ పట్టుకుని ఏడ్చింది.

ఆ కుళాయి కొయ్యడానికి పొరుగూరి నుంచి నూకరత్నాన్ని పిలిపించారు. నూకరత్నం గొట్టాల పని చేసే మనిషి. కుచ్చిళ్ళు ఎగదోపి, పైన మొగుడి పాత చొక్కా తొడుక్కుని, భుజాన గోనెసంచితో దిగింది. ఆ సంచిలో సామాన్లు చూడాలి, నాకైతే ముచ్చటేస్తుంది! పనయ్యాక ఒక్కొక్కదాన్నీ తుడిచి, నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టుకునేది. నీ బొమ్మలున్నాయి చూడు, మంచం కింద ఎలా దొర్లుతున్నాయో!

"ఊఁ, కొయ్యి" అన్నారు సూరప్పగారు.

"కోసెయ్యడం ఎంతసేపు బాబూ. ముందు గొట్టం ఏటంటాదో విందాం" అంది నూకరత్నం. సంచిలోంచి పొడుగాటి ఇనప కడ్డీ తీసింది. ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంది. డాక్టరు గుండె చప్పుడు వింటాడే, అలాగన్నమాట. పిండిమర ఆపించింది. అందరినీ నోళ్ళు మూసుకోమంది. ఆ ఊరు నోరు మూసుకోవడం అదే మొదలు.

ముందు ట్యాంకు దగ్గర వింది. గొట్టం "జుయ్" మంటోంది. నీళ్ళు బాగానే బయల్దేరుతున్నాయి.

ఆ తర్వాత ఎల్లాజమ్మ ఇంటి దగ్గర వింది. గొట్టం మూగనోము పట్టింది. "ఇక్కడికి నీళ్ళే రావట్లేదు. రాని నీళ్ళని ఈవిడేటి దొంగతనం సేస్తాది?" అంది.

అప్పుడు గొట్టం దారెంటే పైకి నడిచి, సూరప్పగారి పెరట్లో కడ్డీ నేలలోకి దించింది. వెన్నలోకి వేలు దిగినట్టు దిగిపోయింది. చెవి ఆనిస్తే లోపల గళగళ, గళగళ! తలెత్తి చూస్తే ఎదురుగా సూరప్పగారి మల్లెపొద. ఊళ్ళో గడ్డిపరక కూడా మాడిపోయిన రోజుల్లో అది మాత్రం విరగబూసింది. "అంతా నా చేతి చలవ" అని ఆయన వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవారు. చేతి చలవట, చేతి చలవ!

"ఈ పొద కిందే తవ్వాల" అంది నూకరత్నం.

"నా మల్లెపొద పెకలిస్తే ఊరుకోను" అని సూరప్పగారు అడ్డం నిలబడ్డారు.

నూకరత్నం ఆయనతో గొడవ పడలేదు. కడ్డీ ఆయన చేతికే ఇచ్చింది. "మీరే వినండి" అంది. ఆయన చెవి ఆనించారు. విన్నారు. మొహం ఇంత చిన్నదైపోయింది. అప్పుడు ఇంట్లోకెళ్ళి ఆయనే గునపం తెచ్చి తవ్వారు.

పొద కింద గొట్టానికి తుప్పుపట్టి, నీ పిడికిలి దూరేంత కన్నం పడింది. నూకరత్నం ట్యాంకు నీళ్ళు ఆపించి, ముందు ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో కరకరమని చెడ్డ ముక్క కోసేసింది. చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. ఆ తర్వాత కొసలకి డై అనే పనిముట్టు బిగించి, నూనె చుక్కలు వేస్తూ, ముందుకో తిప్పు వెనక్కో తిప్పు తిప్పుతూ, సీసా మూతకి ఉంటాయే, అలాంటి మరలు కోసింది. ఎంత నాజూకు మరలనీ! వాటి మీద జనపనార చుట్టి, కొత్త ముక్క పెట్టి, ముందు చేత్తో తిప్పింది. చెయ్యి ఇక చాలన్నాకే పానా పట్టింది.

"ఇంకా గట్టిగా బిగించు, ఇంకా!" అని సూరప్పగారు ఆరాటపడ్డారు.

"చాలు బాబూ, మరీ బిగిస్తే పగిలిపోద్ది" అని పానా తీసేసింది. పైన నీళ్ళు వదిలారు. అతుకు మీద వేలితో రాసి చూసింది. చెమ్మ లేదు.

పల్లంలో కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గి, బుస్సుమని, ధారకట్టాయి. జనం బిందెలతో పరిగెత్తారు. ఎల్లాజమ్మ కూడా తన కుళాయి కింద బిందె పెట్టి నింపుకుంది. గేదె మోర చాపింది. ఆవిడ "ఉండవే" అని దాన్ని పక్కకి తోసి, బిందె చంకనెత్తుకుని ఎత్తంతా ఎక్కింది. సూరప్పగారి పెరట్లో మల్లెపొద వేళ్ళు పైకి తేలి పడి ఉంది. దాన్ని పక్కనే గోతిలో నిలబెట్టి, మట్టి కప్పి, ఆ బిందెడు నీళ్ళూ మొదట్లో పోసింది.

"ఎల్లాజమ్మా, నిన్ను నేను దొంగన్నాను కదా" అన్నారు సూరప్పగారు.

"నువ్వన్నావు బాబూ. మొక్క అన్లేదు కదా" అంది ఎల్లాజమ్మ. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, గేదెకి నీళ్ళు పట్టడానికి దిగి వెళ్ళిపోయింది.

ఊ కొట్టవేం? సరే, కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి,
నీళ్ళు చేరె ఇంటికి,
నిద్ర వచ్చె కంటికి!