మబ్బుతీగ కషాయం

కేదారుడికి ఆ పొద్దున ఒకటే తొందర. ఆశ్రమం వసారాలో ఒక బాలింత జ్వరంతో పడి ఉంది. పక్కలో తొమ్మిది రోజుల పసివాడు. ఆమెకి పోయాలని మబ్బుతీగ వేరు కషాయం కాచి, గిన్నెలో చల్లారబెడుతున్నాడు.

కొండ మీంచి వేర్లు తెచ్చే సింగిరవ్వ ఆ వాసన పట్టి గడప దగ్గరే ఆగింది.

"అయ్యా, పచ్చి బాలింతకి అది పోయమాకు. మా కోడలికి పోస్తే కళ్లు తేలేసింది. మూడు రోజులు మనిషి మనిషిలో లేదు."

కేదారుడు నవ్వాడు. "ఐదు ఊళ్లు తిరిగి ఐదు తాళపత్ర గ్రంథాలు తెచ్చానవ్వా. ఐదూ పోయమనే అంటున్నాయి. నీ ఒక్కదాని మాట వినమంటావా?"

"నాకు చదువెక్కడిదయ్యా. చూసింది చెప్పాను."

లోపల్నించి గురువుగారు వచ్చారు. "ఆ ఐదూ ఇలా నేల మీద పరచవయ్యా," అన్నారు.

కేదారుడు పరిచాడు. ఐదింటిలోనూ 'బాలింతకు' అన్న మాట ఉంది. దాని పక్కన గోరంత ఖాళీ. ఆ తర్వాత 'పోయవలెను' అని ఉంది.

"ఈ ఖాళీ ఏమిటి?"

"రాసినవాళ్లు వదిలేసినట్టున్నారు గురువుగారూ. చూసి రాసే పాత ఆకుకి చిల్లుంటే అక్కడ రాయకుండా వదలడం అలవాటే కదా."

గురువుగారు అటక మీంచి గుడ్డ మూట దించారు. అందులో అదే పాఠం ఉన్న, నల్లబడిపోయిన ముసలి ఆకొకటి తీసి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నారు. 'బాలింతకు' పక్కన పురుగు తిన్న చిల్లుంది. అందులోంచి ఎండ సన్నగా దిగింది. సాంబ్రాణి పొగలో ఆ వెలుగు దారంలా వేలాడింది. నేల మీద నువ్వుగింజంత చుక్క పడింది.

ఆయన చెయ్యి మెల్లగా కదిలింది. చుక్క మొదటి ఆకు మీది ఖాళీలో వాలింది. అక్కణ్ణించి రెండోదానికి, మూడోదానికి, అలా ఐదోదానికి పోయింది. వసారాలో పసివాడు నిద్రలో సన్నగా మూలిగాడు.

"కేదారా, నువ్వు ఐదుగురిని అడిగావా? ఒక్కరినే ఐదుసార్లు అడిగావా? ఈ చిల్లులో పోయిన మాట 'తప్ప' అయితే?"

కేదారుడు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. ఉత్త గిన్నెతో తిరిగి వచ్చి సింగిరవ్వ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, మీ కోడలు మళ్లీ ఎలా లేచిందో చెప్పు. మొదట్నించీ చెప్పు."