మొదటి దిగుడు

కొండమీది కాఫీతోట కూలీలను దించే పాత పికప్పు, నిరుడు వానల్లో బ్రేకు పట్టక ఒక మలుపులో బండను గుద్దుకుంది. నడుపుతున్న సింహాద్రి అక్కడే పోయాడు. బండి బాగుచేసిన మెకానిక్కు గుంపస్వామి అతని అన్న.

"కొత్తరకం బ్రేకులు వేయిద్దాం దొరా," అన్నాడు.

"పాతవి భేషుగ్గా ఉన్నాయి. నీ తమ్ముడికే తోలడం రాదు," అన్నాడు తోట దొర, కూలీలందరి ముందూ.

గుంపస్వామి బండి ముందు తలుపు తెరిచాడు. "చిత్తం. బాగుచేసిన బండి కొండ దిగే మొదటి దిగుడులో, బ్రేకు బాగుందన్నవాడే ముందు కూర్చోవాలని మీ నాన్నగారు పెట్టిన కట్టుబాటు. ఎక్కండి. నేను తోలతాను, నాకు తోలడం వచ్చు."

కూలీలు పక్కకు తప్పుకుని దారిచ్చారు. దొర కాలు కదల్లేదు.

వారంలో కొత్త బ్రేకులొచ్చాయి. ఈసారి బాగున్నాయన్నది గుంపస్వామే, తోలిందీ అతనే. తమ్ముడు పోయిన మలుపులో బ్రేకు మీద కాలు ఆనించగానే బండి ఆగిపోయింది. ఆ పెడలు మీంచి కాలు తియ్యలేక, అతను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.