పొలుసమ్మ కట్టిన దోనె

మద్దికోన అడవిలో జింకలున్నాయి, కొండముచ్చులున్నాయి, కుందేళ్ళున్నాయి, అడవిపందులున్నాయి. అవన్నీ ఏ అడవిలోనైనా ఉంటాయి లెండి. ఏ అడవిలోనూ లేనిది మద్దికోనలో ఒకటుంది. అదే వడ్రంగం కొట్టం. పెద్ద బండరాయి నీడలో ఎలుగుబంటి భల్లయ్య మేస్త్రి దాన్ని నడిపేవాడు.

అక్కడ మేకు కొట్టేవాళ్ళు కాదు. బంక పూసేవాళ్ళు కాదు. ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి, రెండో చెక్కలో గాడి తీసి, అందులో దూర్చేవాళ్ళు. అంతే! ఏనుగు వచ్చి కూర్చున్నా ఆ పీట కిర్రుమనేది కాదు. "ఇది మద్దికోన పనండీ!" అని పక్క అడవుల వాళ్ళు ఆ అతుకుల్ని వేలితో తడిమి మురిసిపోయేవారు. వేళ్ళు లేనివాళ్ళు ముక్కుతో తడిమేవారు.

ఒకరోజు ఆ కొట్టానికి ఇద్దరు పని నేర్చుకోవడానికి వచ్చారు.

మొదటివాడు వడ్రంగిపిట్ట. పేరు తురాయి. నెత్తిమీద ఎర్రటి జుట్టు, ఉలిలాంటి ముక్కు. "మా ఇంట్లో అందరం పుట్టుకతోనే వడ్రంగులం. నాకు నేర్పడానికి మీ దగ్గర ఏముందో చూద్దామని వచ్చాను" అన్నాడు.

రెండోది అలుగు. ఒళ్ళంతా పొలుసులు కాబట్టి దాన్ని పొలుసమ్మ అనేవారు. నోట్లో ఒక్క పన్ను లేదు. కళ్ళు సరిగా ఆనవు. చీమల పుట్టలు తవ్వుకునే గోళ్ళు తప్ప పనిముట్టు అనదగ్గది ఒంటిమీద ఏమీ లేదు. పైగా ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, భయంతో ఉండలా చుట్టుకుపోయేది.

కొండముచ్చులు కొమ్మల మీద పడిపడి నవ్వాయి. "అలుగు వడ్రంగం చేస్తుందట! రేపు గుడ్లగూబ పగటి కాపలాకి వస్తుంది కాబోలు!"

"నీకెందుకే పిల్లా ఈ పని?" అని మేస్త్రి అడిగాడు.

"చెక్క వాసన నాకిష్టం తాతా. ఈ కొట్టం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోతాయి. నేను వడ్రంగిని కావాలి. ఇంకేమీ వద్దు" అంది పొలుసమ్మ.

మేస్త్రి ఇద్దరినీ చేర్చుకున్నాడు.

ఆ కొట్టం పద్ధతి వేరు. మొదటి ఏడాది చెక్కను ముట్టనివ్వరు. రాతి మీద ఉలి నూరడమే పని. రెండో ఏడాది చెక్కలు నీడలో పేర్చి ఆరబెట్టాలి, అమావాస్యకోసారి వాటిని తిరగెయ్యాలి. ఆ తర్వాత గానీ చెక్క మీద ఉలి పెట్టనివ్వరు.

"చెట్టు కొట్టినంత మాత్రాన చెక్క చచ్చిపోదు. ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఎండకి ముడుచుకుంటుంది, తడికి ఉబ్బుతుంది. దాని సంగతి తెలియకుండా దానిమీద ఉలి పెడితే నలుగురిలో మన పరువు తీస్తుంది" అనేవాడు మేస్త్రి.

తురాయికి ఒళ్ళు మండింది. "ఇంత ముక్కుతో పుట్టినవాణ్ణి పట్టుకుని ఉలి నూరమంటాడేమిటి ఈ ముసలాయన!" అని విసుక్కున్నాడు. ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయి కొండ మీద సొంత కొట్టం పెట్టాడు. నిజం చెప్పాలి, వాడు పనిమంతుడే. వాడు చెక్కిన పువ్వును చూసి తేనెటీగలు మోసపోయి వాలేవి. పీట కావాలంటే రెండు రోజులు, పెట్టె కావాలంటే మూడు రోజులు. అడవంతా వాడి పేరే.

పొలుసమ్మ మాత్రం ఉండిపోయింది. నూరింది, నూరింది, గోళ్ళు అరిగేదాకా నూరింది. ఆ తర్వాత చెక్కలు పేర్చింది, తిరగేసింది. కళ్ళు ఆనవు కదా, ప్రతి చెక్కనూ వాసన చూసేది. పచ్చి చెక్క పుల్లటి వాసన వేసేది. సగం ఆరింది వగరు వాసన వేసేది. బాగా ఆరినదానికి ఎండుటాకుల వాసన వచ్చేది. కొన్నాళ్ళకి ఏ చెక్క ఎన్ని నెలలు ఆరిందో ముక్కుతోనే చెప్పేయడం మొదలుపెట్టింది. మేస్త్రికి అది చూసి లోపల ఎంత సంతోషమో! పైకి మాత్రం "ఊఁ" అని ఊరుకునేవాడు.

మూడో ఏట పొలుసమ్మ తన మొదటి పీట చేసింది. అడవి అడవంతా చూడడానికి వచ్చింది. మేస్త్రి దానిమీద కూర్చున్నాడు. ఫట్! నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి. మేస్త్రి వెల్లకిలా పడ్డాడు. ఇంకేముంది, ఒకటే నవ్వులు! పొలుసమ్మ సిగ్గుతో చుట్టుకుపోయింది. ఆ రోజు విప్పుకోలేదు. మర్నాడూ విప్పుకోలేదు.

మూడో రోజు మేస్త్రి వచ్చి, ఆ ఉండను పాదంతో మెల్లగా దొర్లించుకుంటూ కొట్టంలోకి తీసుకొచ్చాడు.

"నేను చేసిన మొదటి పీట మీద మా గురువు కూర్చుంటే ఆయన నడుము విరిగింది. నా నడుము బాగానే ఉంది. అంటే నువ్వు నాకన్నా నయం. లే, పనికి రా" అన్నాడు.

పొలుసమ్మ లేచింది. పనికి వచ్చింది. రెండో పీట నిలబడింది. మూడోది మేస్త్రి కూర్చున్నా కిర్రుమనలేదు. అయినా కొండముచ్చులు దాన్ని "పీట విరిగిన పొలుసమ్మ" అనే పిలిచేవి.

ఆరో ఏట ఎండలు మండిపోయాయి. కోనలోని వాగు ఎండిపోయింది. పైకొండ మీద ఒక్క ఊట మాత్రం మిగిలింది. మధ్యలో లోయ ఉంది. పెద్ద జంతువులు లోయ చుట్టూ తిరిగి, కొండెక్కి తాగి వచ్చేవి. జింకపిల్లలు, కుందేలు పిల్లలు అంత ఎత్తు ఎలా ఎక్కుతాయి? దాహంతో నాలుకలు బయటపెట్టి నీడలో పడుకునేవి.

అందరూ మేస్త్రి దగ్గరికి వచ్చారు. లోయ మీదుగా నీళ్ళు పారడానికి చెక్కలతో పొడవాటి దోనె కట్టాలని అడిగారు.

"నా చేతులు వణుకుతున్నాయిరా అబ్బాయిలూ. పని పొలుసమ్మకివ్వండి" అన్నాడు మేస్త్రి.

"పీట విరిగిన పొలుసమ్మకా!" అని కొండముచ్చుల పెద్ద ముఖం చిట్లించాడు.

"ఇరవై రోజులివ్వండి, కట్టి ఇస్తాను" అంది పొలుసమ్మ.

"నాకు ఎనిమిది రోజులు చాలు" అన్నాడు అప్పుడే ఎగిరొచ్చిన తురాయి.

పని తురాయికే ఇచ్చారు. పిల్లల గొంతులు ఎండిపోతుంటే ఎవరు మాత్రం ఇరవై రోజులు ఆగుతారు? తురాయి అప్పటికప్పుడు చెట్లు కొట్టించాడు. పలకలు తీసి, టకటకా గాడులు చెక్కేశాడు.

పొలుసమ్మ వెళ్ళి ఆ పలకల్ని వాసన చూసింది. పుల్లటి వాసన వేసింది.

"తమ్ముడూ, ఇది పచ్చి చెక్క. ఎండకి ముడుచుకుంటే అతుకులు విడిపోతాయి. మా కొట్టంలో మూడేళ్ళు ఆరిన మద్ది చెక్క ఉంది, తీసుకో" అంది.

"ముక్కుతో వాసన చూసి వడ్రంగం చేస్తావా పొలుసూ? నా ముక్కు చెక్కడానికి, నీ ముక్కు చీమలకి! వెళ్ళు వెళ్ళు" అన్నాడు తురాయి.

పొలుసమ్మ కొట్టానికి వచ్చి, ఆరిన మద్ది పలకలు కిందికి దించింది. "నిన్నెవరూ అడగలేదుగా?" అన్నాడు మేస్త్రి.

"పిల్లలకి నీళ్ళు అందవు తాతా. నా ముక్కు చెబుతోంది" అంది పొలుసమ్మ.

ఎనిమిదో రోజున తురాయి దోనెలో నీళ్ళు పారాయి. దాని పొడవునా నెమళ్ళు, లతలు చెక్కి ఉన్నాయి. అబ్బ, ఎంత బాగుందో! జింకపిల్లలు కడుపునిండా తాగాయి. తురాయిని భుజాల మీద ఊరేగించారు.

పన్నెండో రోజుకి కథ మారిపోయింది. ఎండకి పలకలు వంకర్లు తిరిగాయి. అతుకుల మధ్య వేలు దూరేంత సందులు వచ్చాయి. నీళ్ళన్నీ లోయలోకి కారిపోయాయి. చివరికి ఒక్క చుక్క చేరలేదు. తురాయి ఆకులు కుక్కాడు, బంక మెత్తాడు. ఒకచోట మూస్తే ఇంకోచోట కారింది. జింక తల్లి వాడివైపే చూస్తూ, పిల్లను నాకుతూ కూర్చుంది. తురాయి ఆ చూపు తట్టుకోలేక కొమ్మల్లోకి ఎగిరిపోయాడు.

ఇరవయ్యో రోజు పొద్దున పొలుసమ్మ దోనె సిద్ధమైంది. నెమళ్ళు లేవు, లతలు లేవు. కొండముచ్చులే తలా ఒక చెయ్యి వేసి దాన్ని లోయ మీద నిలబెట్టాయి. ఊట నీళ్ళు దోనెలోకి వదిలారు.

అయ్యో! ప్రతి అతుకు దగ్గరా చుక్క చుక్కగా కారడం మొదలైంది.

"ఇదీ అంతేనా!" అని అందరూ తలలు పట్టుకున్నారు. కొమ్మ మీది తురాయి "చూశారా, నేనొక్కణ్ణేనా!" అన్నాడు. పొలుసమ్మకి ఒళ్ళంతా ముడుచుకుపోవాలనిపించింది. వీపు వంగింది, తోక కూడా కదిలింది. కానీ చుట్టుకుపోలేదు. నాలుగు కాళ్ళూ నేలమీద గట్టిగా ఆనించి నిలబడింది.

"కాసేపు ఆగండి. ఆరిన చెక్క ముందు తాను తాగుతుంది, తర్వాత మనకిస్తుంది" అంది.

అందరూ ఆగారు. చెక్క నీళ్ళు తాగింది. మెల్లగా ఉబ్బింది. గాడిలో నాలుక బిగుసుకుంది. మొదటి అతుకు కారడం ఆగింది. తర్వాత రెండోది, మూడోది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దోనె కింద నేల పొడిగా ఉంది. నీళ్ళు గలగలమంటూ చివరికి చేరాయి. ఒక జింకపిల్ల తల దూర్చి తాగి తాగి, ఎక్కిళ్ళు తెచ్చుకుని, మళ్ళీ తాగింది.

భల్లయ్య మేస్త్రి వణికే చేతితో అతుకుల్ని తడిమి చూశాడు. ఆయన కళ్ళు తడిశాయి. "అందరూ వినండి! ఇందులో నా చెయ్యి లేదు. ఇదంతా మా పొలుసమ్మ మేస్త్రి పని!" అని కోనంతా మోగేలా అరిచాడు. ఆ రోజునుంచి దాన్ని ఎవరూ వేరే పేరుతో పిలవలేదు. కొట్టం కూడా పొలుసమ్మదే అయింది.

తురాయి కొట్టానికి వెళ్ళడం అందరూ మానేశారు. వాడు కొన్నాళ్ళు బింకంగా ఉన్నాడు. చివరికి జుట్టు వాల్చుకుని పొలుసమ్మ ముందు వాలాడు.

"అక్కా, నాకు తొందర తప్ప ఏమీ రాదని తెలిసింది. నేర్పుతావా?"

కొండముచ్చులు "వద్దు, వద్దు" అన్నాయి. పొలుసమ్మకి పాత మాటలు గుర్తులేవా? బాగా గుర్తున్నాయి. అయినా "ఇంత చెయ్యి ఉన్నవాణ్ణి వదులుకుంటే కొట్టానికే నష్టం" అని చేర్చుకుంది. ఓపిగ్గా నేర్పింది. తప్పు చేస్తే గట్టిగా తిట్టింది కూడా. తురాయి ఈసారి పారిపోలేదు.

ఏళ్ళు గడిచాయి. పొలుసమ్మ దగ్గర ఇప్పుడు పదకొండుమంది పని నేర్చుకుంటున్నారు. ఒకరోజు దూరపు అడవి నుంచి ఏనుగమ్మ ఒకామె వచ్చింది. కొట్టంలో ఉన్న ఒక ఉయ్యాల ముందు ఆగిపోయింది. తొండంతో ఎంత తడిమినా అతుకు ఎక్కడుందో దొరకలేదు.

"పొలుసమ్మ మేస్త్రీ, నీ పేరు వినడమే గానీ ఇంత గొప్ప చెయ్యి అనుకోలేదమ్మా!" అంది.

పొలుసమ్మ ఆ ఉయ్యాల పక్కకి వచ్చి, తల పైకెత్తి నిలబడింది.

"ఇది నేను చేసింది కాదమ్మా. మా తురాయి చేశాడు. ఇంత బాగా నాకు కూడా రాదు!" అంది.

తన దోనెలో నీళ్ళు పారిన రోజున కూడా అది అంత గర్వంగా మాట్లాడలేదు.

నీతి: పుట్టుకతో వచ్చిన నేర్పుకి ఓపిక తోడైతేనే పని నిలుస్తుంది, శిష్యుడు తనను మించినప్పుడు గర్వపడేవారే నిజమైన గురువు.