కాళ్ళవైపు కుట్టు

దస్తగిరి కుట్టిన బొంతను ఓబుళమ్మ రెండోసారి కూడా వద్దంది.

దస్తగిరి మౌలాలి ఫకీరు శిష్యుడు. కొండ కింద ఆయన గుడిసెలో పాఠం వేరు, పని వేరు కాదు. దూది ఏకుతూ వినాలి, బొంతలు కుడుతూ ఆలోచించాలి. పనితనం బాగుందని నలుగురూ మెచ్చుకునేసరికి దస్తగిరికి కాస్త తల తిరిగిన మాట నిజమే. "ఓబుళమ్మ కొడుక్కి బొంత నువ్వే కుట్టు" అని గురువు చెప్పిన రోజైతే వాడి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఓబుళమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. ఇప్పుడు ఒళ్ళో ఉన్నవాడు మూడోవాడు. అత్తగారి పాత చీర, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డది, తెచ్చి ఇచ్చింది. కొలత మాత్రం చెప్పలేదు.

చెప్పకపోతే ఏం, ఆ మాత్రం నాకు తెలియదా అనుకున్నాడు దస్తగిరి. బిడ్డ పెద్దయ్యేదాకా కప్పుకునేటట్టు మంచమంత బొంత కుట్టాడు. ఓబుళమ్మ దాన్ని పరిచి చూసి బెదిరిపోయింది.

"ఇంత పెద్దదా? వద్దు, అన్నా. దిష్టి తగులుతుంది. ఇంత ఆశ పెట్టుకునే ధైర్యం నాకు లేదు."

సరేనని కత్తిరించాడు. మిగిలిన గుడ్డనంతా లోపల పొరలుగా వేశాడు. బిడ్డను తలనుంచి మడమదాకా కొలిచి, ఆ కొలతకు చిన్న బొంత కుట్టి, నాలుగువైపులా అంచు బిగించాడు. ఆ కుట్టులో చీమ కూడా దూరదు. ఈసారి ఓబుళమ్మ బొంతను చేతుల్లోకి తీసుకుని జానతో కొలిచి చూసింది.

"నడిపోణ్ణి చుట్టి మట్టికి పంపిన గుడ్డ ఇంతే ఉండె" అంది.

బొంత అక్కడే పెట్టేసి, బిడ్డను కొంగులో కప్పుకుని గుడిసెలోనే గోడవారగా కూర్చుంది. బయట చలిగాలి కొడుతోంది. బిడ్డకు అప్పుడే ముక్కు కారుతోంది. దస్తగిరికి ఉక్రోషమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బొంత పట్టుకుని గురువు ముందుకు వెళ్ళాడు.

"తాతా, పెద్దదైతే భయమంటుంది. చిన్నదైతే ఏడుస్తుంది. ఆ బిడ్డకు ఏ కొలత కుట్టాల? నువ్వే చెప్పు."

మౌలాలి దూది ఏకే విల్లు పక్కన పెట్టాడు. బొంతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొలత బాగనే ఉందిరా. నీ చెయ్యి మంచిది."

దస్తగిరి ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బు తగ్గకముందే మౌలాలి కత్తెర తీసి, బొంతకు కాళ్ళవైపు వచ్చే అంచు కుట్టు టపటపా తెంచేశాడు.

"అయ్యో, తాతా!"

"సూది ఇయ్యి."

తెంచిన చోట మౌలాలి పెద్ద పెద్ద కుట్లు వేశాడు. నిన్నగాక మొన్న సూది పట్టినవాడు కూడా అంత వదులుగా కుట్టడు. దస్తగిరి ప్రాణం ఉసూరుమంది. చూసినవాళ్ళు ఇది నా కుట్టే అనుకుంటారే అని వాడి బాధ.

"దారం పట్టుకుని లాగితే ఊడిపోతుంది కద తాతా ఇది."

"ఊడాల్సిందే."

మౌలాలి లేచి ఓబుళమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు చాపాడు. ఆమె జంకుతూనే బిడ్డను ఇచ్చింది. ఆయన బిడ్డను బొంతలో చుట్టాడు. బిడ్డ రెండుసార్లు గట్టిగా తన్ని, ఆవలించి, వెచ్చగా కళ్ళు మూసుకున్నాడు.

"కాళ్ళవైపు వదులుగా పెట్టినానమ్మా" అన్నాడు, బిడ్డను తల్లికి అందిస్తూ. "వీడి కాళ్ళు బొంత దాటిన నాడు తీసుకురా. మావోడు ఆ దారం లాగేసి ఇంకో ముక్క అతుకుతాడు. మళ్ళీ దాటితే మళ్ళీ తీసుకురా."

దస్తగిరి ఆ వదులు కుట్టు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఇప్పుడు దాన్ని తన కుట్టు అని ఎవరన్నా అనుకుంటే బాగుండుననిపించింది వాడికి.

ఓబుళమ్మ బొంత అంచును బిడ్డ చుట్టూ సర్దింది. సర్దిన చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

"ఇంకో ముక్క యాడుంది సామీ? మా అత్త చీరలు అయిపాయె."

"ఆమెవి ఎందుకు? నువ్వు కట్టుకున్నది లేదా?"

ఓబుళమ్మ తలవంచి తన చీర చూసుకుంది. పురిటికి పుట్టింటివాళ్ళు పెట్టిన చీర. ఇంకా గంజి కూడా పోలేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"ఇది కొత్తది సామీ! బొంతకు పనికొచ్చేంత మెత్తబడాలంటే ఏళ్ళు పట్టదా?"

"పట్టనీ తల్లీ" అన్నాడు మౌలాలి.