సన్యాసమ్మకు రాసిన చీటీ

"నేను చేత్తో నడిపితే నడుస్తుంది. దానంతటది నడవమంటే చస్తే నడవదు. ఎందుకు మాస్టారూ?" అని కూర్మారావు అడిగాడు. అడిగాడనడం మర్యాద కోసం. నిజానికి బల్ల మీద గుద్దాడు.

సముద్రం ఒడ్డున చిన్న రేడియో కేంద్రం అది. తెల్లవారకముందే గాలీ అలల కబురు విని గాని రేవులో పడవలు దించరు. వినపడకపోతే తెగించి దించేవాళ్లూ ఉంటారు. ఆ కబురు వినిపించేది ఒక లినక్స్ కంప్యూటర్. రోజూ కరెంటు పోయి వస్తుంది. వచ్చినప్పుడు మెషీన్ తనంతట తను లేస్తుంది గానీ, కబురు వినిపించే సర్వీసు లేవదు. నలభై రోజులుగా కూర్మారావే చీకటితోనే సైకిలు తొక్కుకొచ్చి, నాలుగు అక్షరాలు కొట్టి దాన్ని లేపుతున్నాడు. మరొకరికి ఆ పని రాదు. పుట్టింట్లో ఉన్న భార్యకు నెలలు నిండాయి. మధ్యాహ్నం బస్సెక్కాలి, ఎక్కితే రేపు పొద్దున రేవుకి కబురుండదు.

పని నేర్పిన లోకనాథం మాస్టారిని పట్నం నుంచి పిలిపించుకున్నాడు. ఆయనకొక నియమం ఉంది, శిష్యుడి కీబోర్డు ముట్టుకోరు. "మెషీన్ తన సంగతులు రాసుకునే లాగ్ ఏమంటోంది?" అన్నారు.

"రోజూ ఒకటే అబద్ధం. ప్రోగ్రాం కనబడలేదట! కళ్లెదుట ఉన్నదాన్ని కనబడలేదంటే ఏం చెయ్యను? మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. నిమిషం ఆగి మొదలుపెట్టమన్నాను, రెండు నిమిషాలు ఆగమన్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే."

మాస్టారు గుమ్మం వైపు చూశారు. "ఎలాగూ ఊరెళ్తున్నావుగా, జనరేటర్ గది తెరిచి ఊడ్చమని సన్యాసమ్మకి చీటీ రాసి గుమ్మానికి గుచ్చు" అన్నారు. మనుషులు వేళలు మారి వచ్చే ఆ కేంద్రంలో పనులన్నీ చీటీల మీదే నడుస్తాయి. సన్యాసమ్మ ఊడ్చే పనిలో నిన్ననే చేరింది, పొద్దున గుమ్మంలో ఎదురైనప్పుడు మాస్టారితో ఆ మాటే అంది. తన గోలలో తానున్న కూర్మారావు, "తాళంచెవి రోజూ పెట్టే చోటే ఉంది. తీసి గది ఊడ్చు" అని గిలికి, గుచ్చొచ్చాడు.

పావుగంటకి సన్యాసమ్మ ఆ చీటీ పట్టుకుని వచ్చింది. "తాళంచెవి కనబళ్లేదు బాబూ."

కూర్మారావుకి ఒళ్లు మండిపోయింది. యంత్రం చాలదన్నట్టు ఇప్పుడు మనిషి కూడానా! "కళ్లెదుట ఉన్నది కనబడకపోవడమేమిటి? రోజూ పెట్టే చోటే అని రాశానా లేదా?"

ఆమె చీటీ ముందుకు చాపింది. "రోజూ అంటే మీకు రోజూ. నాను నిన్ననే కదా వొచ్చినాను."

అతను చీటీ అందుకుని మళ్లీ చదివాడు. మాస్టారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు. కూర్మారావు మెల్లగా తెర వైపు తిరిగి, లేవగానే ఏం చెయ్యాలో మెషీన్‌కి తను రాసిపెట్టిన స్క్రిప్ట్‌ని ఎవరో రాసినట్టు చదువుకున్నాడు. ప్రోగ్రాం పేరుంది. అది ఏ ఫోల్డర్లో ఉందో లేదు. తను లాగిన్ అయి నడిపినప్పుడు ఆ చోటు తన సెట్టింగుల్లో ముందే రాసి ఉంది కనుక దొరికేది. మెషీన్ ఒంటరిగా లేచే వేళకి తనూ ఉండడు, తన సెట్టింగులూ ఉండవు. పాపం, నలభై రోజులుగా అది నిజమే చెబుతోంది. అతనికి సిగ్గేసింది.

ప్రోగ్రాం ఉన్న చోటు మొదటినుంచి చివరిదాకా రాశాడు. ఆగమన్న నిమిషాలన్నీ కొట్టేశాడు. మెయిన్ స్విచ్ తీసి మళ్లీ వేశాడు. మెషీన్ లేస్తుంటే అలవాటుకొద్దీ వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, తలుపు మూశారు.

ఇద్దరూ ఇసకలో నిలబడ్డారు. కాసేపు ఏ చప్పుడూ లేదు. కూర్మారావు మళ్లీ తలుపు వైపు తిరగబోతూండగా, రేవు స్తంభం మీది మైకు గరగరమని, ఆ పొద్దుటి కబురే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు. కూర్మారావుకి ఏడుపొచ్చినంత పనయింది. సంచీ భుజాన వేసుకుని మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

"బస్సుకింకా వేళుంది" అన్నారు మాస్టారు. "ఆ తాళంచెవి ఎక్కడుందో సన్యాసమ్మకి చెప్పి వెళ్లు."