చెక్క పంతులు, తట్టెడు ఇసుక

గవ్వలపట్నాన్ని ఏలిన జగ్గభూపతికి ఒకరోజు పొద్దున్నే చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పొరుగు రాజు తన బడికి ఏదో యంత్రం కొన్నాడని చెవిన పడింది మరి. అరవయ్యేళ్లొచ్చినా ఆయనకు అక్షరం ముక్క రాదు. అయినా పొరుగువాడి దగ్గరున్నది తన దగ్గర లేదంటే ముద్ద దిగదు.

వారం తిరక్కుండా విద్యామంత్రి వాచస్పతి అలాంటి యంత్రాన్నే బేరానికి బండి మీద తెప్పించి సభలో దింపించాడు. నిలువెత్తు చెక్క పంతులు, పొట్టనిండా పళ్లచక్రాలు. నలుగురు మనుషులు వెనక నిలబడి పిడి తిప్పితే కుడిచేత్తో పలక మీద అక్షరాలు రాస్తాడు, ఎడమచేత్తో బెత్తం ఆడిస్తాడు. బడిలో ఉన్నదే పదిమంది పిల్లలు. వాళ్లకోసం నలుగురు పిడి తిప్పడమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే మంత్రి శ్లోకం ఎత్తుకుంటాడని భయం.

ఊరివాళ్ల గోడు వేరే. సముద్రానికీ ఊరికీ మధ్య ఒక తాటితోపు ఉంది. దాని సొంతదారు ఒక వర్తకుడు. అమావాస్యలోగా ఎవరూ కొనకపోతే చెట్లన్నీ కొట్టి ఓడకెక్కిస్తానని చెప్పేశాడు. తోపు పోతే ఇసుక తిన్నగా ఇళ్లలోకి వచ్చి కూర్చుంటుంది. ఖజానాలో ఉన్న బంగారం చూస్తే తోపుకో యంత్రానికో, ఒక్కదానికే సరిపోతుంది.

రాజుగారికి వింజామర వీచే బయ్యన ఇల్లు ఆ తోపును ఆనుకునే ఉంది. పాపం, అతనికి వారంనుంచి కంటిమీద కునుకు లేదు.

సభలో మంత్రి గొంతు సవరించుకుని, చెట్లు పిల్లలకు అక్షరాలు నేర్పుతాయని ఏ శాస్త్రంలోనూ లేదని తేల్చేశాడు. రాజు సరేనని తల ఊపబోయాడు.

"ప్రభూ, తమరింకా దీన్ని వాడి చూడలేదు," అన్నాడు బయ్యన.

మా రాజుగారికి ఒక నియమం ఉంది. తాను వాడి చూడందే ఏదీ కొనడు. పల్లకీ కొనేముందు బోయీలతోపాటు తానూ ఒక పక్క భుజం పట్టాడు. మనవడికి ఉయ్యాల కొనేముందు అందులో పడుకుంటే, బయటికి తీయడానికి వడ్రంగిని పిలవాల్సొచ్చింది. అందుకని ఇప్పుడూ సింహాసనం దిగి, చెక్క పంతులు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాజు నేలమీద కూర్చుంటే మంత్రి నిలబడకూడదు. వాచస్పతి కూడా పక్కనే చతికిలబడ్డాడు, సరిగ్గా బెత్తం కింద.

యంత్రం కొన్నాక ఊళ్లో తోపు ఉండదు కాబట్టి, తోపు లేని ఊళ్లో ఎలా ఉంటుందో అలాగే వాడి చూడాలని బయ్యన మనవి చేశాడు. రాజుకు ఆ మాట నచ్చింది. బయ్యన తట్టెడు సముద్రపు ఇసుక తెచ్చి యంత్రం పక్కన కుప్ప పోశాడు. వెండిపిడి వింజామర కింద పెట్టి, ఇంటినుంచి తెచ్చిన తాటాకు విసనకర్ర అందుకున్నాడు.

పిడి తిరిగింది. పంతులు "అ" రాశాడు. సభంతా చప్పట్లు కొట్టింది.

బయ్యన వీచడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లుగా అతని ఉద్యోగమే గాలి. మొదటి విసురుకు ఇసుక రాజుగారి మీసాల్లోకి చేరింది. రెండో విసురుకు పంతులు పొట్టలోకి పోయింది. చక్రాలు కరకరమన్నాయి. పంతులు మళ్లీ "అ" రాశాడు. దానిమీదే ఇంకో "అ" రాశాడు. ఆ తర్వాత కుడిచెయ్యి బిగుసుకుపోయి, బలమంతా ఎడమచేతికి వచ్చింది.

బెత్తం మంత్రిగారి తలపాగా మీద టపటపా వాయించింది. ఆపమనబోతే నోటినిండా ఇసుక పడింది. పిడి తిప్పేవాళ్లకు కళ్లలో ఇసుక పడి ఏమీ కనిపించక, పాఠం బాగా సాగుతోందనుకుని ఇంకా గట్టిగా తిప్పారు. చివరికి పంతులు తల గిర్రున తిరిగి, వీపు వైపు చూస్తూ ఆగిపోయింది.

"ఏమిట్రా ఈ పని?" అన్నాడు రాజు, మీసాలు దులుపుకుంటూ.

"తట్టెడు ఇసుక, ఒక్క విసనకర్ర, ప్రభూ. ఇంతమాత్రానికే నా చెయ్యి నొప్పి పుట్టింది. సముద్రపు గాలికి చెయ్యి నొప్పి పుట్టదు."

రాజు ఆగిపోయిన పంతులునీ, పలక మీది అక్షరాన్నీ, తన ముందు పరుచుకున్న ఇసుకనీ చూశాడు. మా ఊరి పిల్లలందరూ చేసే పనే ఆయనా చేశాడు. ఇసుకలో వేలు పెట్టి ఆ అక్షరాన్ని దిద్దాడు. కాస్త వంకరగానే అయినా "అ" వచ్చింది.

"మంత్రీ, నాకు వచ్చేసిందయ్యా," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా నవ్వింది. మంత్రి కూడా ఇసుక ఉమ్ముకుంటూ నవ్వక తప్పలేదు. బంగారం అప్పటికప్పుడు తోపు వర్తకుడి ఇంటికి బయల్దేరింది.

రాజు మెడలోని హారం తీసి బయ్యన మెడలో వేసి, ఇంకేం కావాలో అడగమన్నాడు. బయ్యన చేతిలో ఉన్నది చూపించాడు. వీచీ వీచీ దాని కాడ విరిగింది.

"కొత్త విసనకర్ర ఒకటి ఇప్పించండి ప్రభూ. తాటాకుదే చాలు, తోపు ఉందిగా."

రాజు నవ్వు ఆపుకోలేక, అది అల్లే పని మంత్రిగారికి అప్పగించాడు.