గొర్లివానిపాలెం కారుకి జ్వరం

గొర్లివానిపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, ఊళ్ళోవాళ్ళ మాట అలా ఉంచండి, పైడయ్య ఇంట్లోవాళ్ళు మాత్రం తడుముకోకుండా తమ అరుగే చూపిస్తారు. పైడయ్య, ఆయన భార్య అప్పలకొండ, పెద్దకొడుకు పోలారావు, చిన్నకొడుకు గవర్రాజు. నలుగురికీ ఒకటే పట్టుదల. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి, అందులో సొంత పైత్యం కలపకూడదు. "లోకంలో సగం నష్టాలు ఆలోసించబట్టే వస్తన్నాయిరా" అనేవాడు పైడయ్య. ఆ రకం నష్టం వాళ్ళింటికి ఎప్పుడూ రాలేదు.

ఆ తెలివి వల్లే గవర్రాజుకి ముప్పై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఒక సంబంధం దాదాపు కుదిరింది. ఆడపిల్ల తండ్రి మర్యాదకి "మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. అంతే, వారం తిరక్కుండా పైడయ్య ఆ ఇంటికి సున్నం వేయించి అద్దెకిచ్చేశాడు. ఇంకో చోట "పిల్లని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాలి" అన్నారు. గవర్రాజు పిల్లని ఎగాదిగా చూసి, పట్టదని నిజాయితీగా చెప్పి లేచొచ్చాడు.

ఇప్పుడు కొత్తూరు నీలవేణి. బట్టలు కుట్టి తమ్ముళ్ళని చదివించిన పిల్ల. పెళ్ళిచూపుల్లో తల దించుకోకుండా గవర్రాజు చొక్కా చూసి, "కాలరు వంకరగా కుట్టేరు, పెళ్ళయ్యాక విప్పి సరిగ్గా కుడతాన్లెండి" అంది. ఆ ఒక్క మాటకే గవర్రాజు పడిపోయాడు. ఆ పిల్లంటే అతనికి నిజంగానే ప్రాణం. కానీ ఆమె మేనమామ సన్నిబాబు మొహమాటం లేని మనిషి. "మీ ఇంటి సంగతులు విన్నాను. మధ్యాన్నం ముహూర్తానికి మీవోడు పీటల మీద లేకపోతే మావోడు కూకుంటాడు" అని ముందే చెప్పేశాడు. మావోడంటే ఆయన కొడుకు, ట్రాక్టరు నడిపే చిన్నారావు.

పైడయ్యకి ఒక పాత కారుంది. దాన్ని అమ్మిన డాక్టరుగారు ఊరు వదిలి వెళ్తూ, "ముసలి బండి, మనిషిని చూసుకున్నట్టు చూసుకోండి" అని తాళాలు చేతిలో పెట్టాడు. ఇంకేముంది. పడుకునే వేళకి దుప్పటి కప్పేవారు. పొద్దున్నే దాని ముందుభాగాన్ని పళ్ళపొడితో తోమేవారు. ఏడాదిపాటు బండి వాళ్ళని భరించింది. మాఘమాసం వచ్చింది, పెళ్ళి దగ్గర పడింది. ఓ పొద్దున పోలారావు బానెట్టు ఎత్తి చూస్తే ఇంజను ముందర ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "ఈ సలిలో ముసల్దాని మొహానికి ఫ్యానేటిరా, జలుబు సెయ్యదా" అని దాన్ని తిప్పే బెల్టు కోసి అవతల పారేశాడు. అతని జాలిగుండెని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

పెళ్ళిరోజు పొద్దున నలుగురూ కారెక్కారు. చుట్టాలు నడిచి వస్తామన్నారు, వీళ్ళతో వెళ్ళడం కంటే నడకే నయమని వాళ్ళకి తెలుసు. పోలారావు స్టీరింగు పట్టాడు. అప్పలకొండ ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో అక్షింతలు, పసుపుతాడుకి గుచ్చిన తాళి. సగం దారిలో కారు ముక్కులోంచి తెల్లగా ఆవిరి లేచింది.

పైడయ్య దిగి బానెట్టు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "ఒళ్ళు కాలిపోతంది. జొరం" అన్నాడు.

"నీళ్ళయిపోయాయేమో అయ్యా" అన్నాడు గవర్రాజు. ఆ ఇంట్లో ఎవరైనా అన్న మొదటి తెలివైన మాట అది. ఎవరూ పట్టించుకోలేదు.

"జొరానికి సన్నీళ్ళు పోస్తారేట్రా, సన్నిపాతం కమ్మదూ" అంది అప్పలకొండ. "ఆవిరొస్తందంటే సెమట పడతన్నట్టు. దుప్పటి కప్పండి, ఇంకా బాగా పట్టి దిగిపోద్ది."

అంతే, ఇంజను మీద దుప్పటి కప్పి, దాని మీద మూత వేసి, బండి పోనిచ్చారు. రెండు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన, లోపల టకటకమని చప్పుడు. "పళ్ళు కొరుకుతంది" అన్నాడు పోలారావు. కాసేపటికి చప్పుడూ ఆగింది, కారూ ఆగింది.

పోలారావు మూత ఎత్తి, ఇంజన్లో ఆయిలు ఎంతుందో చూసే ఇనపపుల్ల బయటికి లాగాడు. "నాలిక సూడయ్యా, నల్లగా అయిపోయింది."

"అవదేటి మరి, ఇంత నూనె తాగితే. జొరంలో నూనె ముట్టుకోకూడదు" అని పైడయ్య కారు కిందికి దూరి బిరడా విప్పేశాడు. ఆయిలంతా మట్టిపాలైంది. పథ్యం అయింది, ఇక లంఖణం. పోలారావు ట్యాంకులో గొట్టం పెట్టి పీల్చి, పెట్రోలు మొత్తం తుప్పల్లోకి వదిలేశాడు. ఒక గుక్క అతని కడుపులోకీ పోయింది. "ఇలాటిది తిని రోజూ ఎలా బతుకుతందో పాపం" అని ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి తాళం తిప్పాడు. కారు ఒకసారి మూలిగింది. మళ్ళీ తిప్పితే ఆ మూలుగూ లేదు.

"నీరసం. లంఖణం సేస్తే ఉండదేటి" అన్నాడు పైడయ్య తృప్తిగా.

ఎండ నెత్తికెక్కుతోంది. గవర్రాజుకి చిన్నారావు పీటల మీద కూర్చున్నట్టే కనబడుతోంది. "నాను నడిసి పోదునా అమ్మా" అని అడిగాడు.

"రోగమొచ్చినదాన్ని రోడ్డు మీద వదిలేసి పెళ్ళికి పోతావా? నువ్వేం మనిషివిరా" అంది అప్పలకొండ. గవర్రాజు సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నాడు.

అటుగా వచ్చిన లారీ డ్రైవరు దారి లేక దిగి, బానెట్టులోకి తొంగిచూశాడు. "ఫ్యాను బెల్టేది? నీళ్ళేవి? ఆయిలు కూడా లేదే. ఇదింక బతకదు, దేవుడికి దణ్ణం పెట్టుకోండి" అని, కారుని నెట్టించి పక్కకి తీయించి, తన దారిన తాను పోయాడు.

బతకదన్న మాట చెవినబడేసరికి అప్పలకొండ రోడ్డు మీద కూలబడి రాగాలు తీసింది. తీస్తూ తీస్తూనే ఆమెకి ఓ సంగతి గుర్తొచ్చింది. "మా పుట్టింటికాడ మనిషికి ప్రాణం మీదికొస్తే దేవుడికి దణ్ణం పెట్టి మెళ్ళో పసుపుతాడు కట్టేవోరు." పసుపుతాడు పళ్ళెంలోనే ఉంది. మెడ ఎక్కడా అని వెతికితే రేడియేటరు మూత కింద సన్నగా కనబడింది. ఎవరు కట్టాలి అంటే, పెళ్ళికొడుకు చెయ్యి శుభం అన్నారు. గవర్రాజు కళ్ళు మూసుకుని, వేళ్ళు బొబ్బలెక్కుతున్నా ఓర్చుకుని, మూడు ముళ్ళూ వేశాడు. "తల్లీ, నన్ను నీలవేణికాడికి సేర్చు" అని మనసారా మొక్కాడు. చేతిలో ఉన్నాయి కదా అని పోలారావు అక్షింతలు కూడా వేసేశాడు.

ఆ మొక్కు ఎవరు విన్నారో గానీ, ఎదురుగా చిన్నారావు ట్రాక్టరేసుకుని వచ్చాడు. పెళ్ళివారు ఎంతకీ రాలేదని వెతకడానికి పంపారట. అసూయ తెలియని కుర్రాడు. కారుకి తాడు కట్టి, పెళ్ళికొడుకుని తనే ఈడ్చుకుపోయి సరిగ్గా ముహూర్తానికి పందిరి ముందు దింపాడు.

గవర్రాజు పీటల మీద కూర్చున్నాడు. జన్మకి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. నీలవేణి అతని వేళ్ళు చూసి, "అయ్యో, ఏటిది" అని తన రుమాలు తడిపి చుట్టింది. పంతులుగారు మంగళసూత్రం అందుకోమన్నారు.

"బండి మెళ్ళో ఉందండి" అన్నాడు గవర్రాజు.

పందిట్లో నవ్వులు. సన్నిబాబు నవ్వలేదు. "పోయి విప్పుకురా, వేళ దాటిపోతంది" అన్నాడు.

పైడయ్య గుండెలు బాదుకున్నాడు. "కట్టిన తాళి విప్పమంటావేటి బావా? అది బతికుండగానే? అలాటి పాడుపని మా ఇంటా వంటా లేదు."

"పోనీ ఆ తాడు వదిలెయ్యండి" అంది నీలవేణి. వంగి పళ్ళెంలోంచి పసుపుకొమ్ము తీసింది, తమ్ముణ్ణి పంపి తన కుట్టుపెట్టెలోంచి దారం తెప్పించింది. తనే పేని, పసుపు రాసి, గవర్రాజు చేతిలో పెట్టింది. చెయ్యవలసిందల్లా కట్టడమే.

గవర్రాజు ఆ తాడు చూశాడు. తర్వాత పందిరి బయట కారుని చూశాడు. దాని మెళ్ళో తాళి, నెత్తిన అక్షింతలు. చాలాసేపు ఆలోచించాడు, అలవాటు లేని పని. "నీలవేణీ, మూడు ముళ్ళూ నానే ఏసేను. అబద్ధమాడకూడదు. నువ్వు రెండోదానివవుతావు. నీకు సమ్మతమేనా?"

నీలవేణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు వెనువెంటనే ఎండిపోయాయి. "సవితి మీదికొచ్చే కర్మ నాకేటి. మొదటిదాన్నే తీసుకెళ్ళి ఏలుకో" అని అతని చేతిలోంచి తాడు లాక్కుంది. "బావా, సేతులు కడుక్కుని రా." చిన్నారావు గ్రీజు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అంతే, పెళ్ళయిపోయింది.

గవర్రాజుకి ఏడుపొచ్చింది. రుమాలు చుట్టిన చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కానీ ఏలుకోమని చెప్పింది కదా. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి. నలుగురూ కారుని తోసుకుంటూ బయల్దేరారు. ఎవరూ దాన్ని గట్టిగా తొయ్యలేదు, కొత్తకోడలు.

ఇంటి ముందు అప్పలకొండ హారతి ఇచ్చింది. గడప మీద బియ్యంతో కుంచం పెట్టింది. మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనని ఆచారం ప్రకారం దారికి అడ్డం నిలబడింది. కారు చెప్పలేదు. ఎండ వాలేదాకా చూశారు. "సిగ్గు. రేపు సెప్పుద్దిలే, తోసెయ్యండి" అన్నాడు పైడయ్య. గవర్రాజు, పోలారావు ఒక్క ఊపున తోశారు. ఇంకేముంది. కుంచం ఎగిరింది, ద్వారబంధం ఊడింది, గోడ కూలింది, పెంకులన్నీ జలజలా రాలాయి.

ఆ దుమ్ములో ఎవరికి ఎవరూ కనబడలేదు. దూలం కిందనుంచి పైడయ్య గొంతు ఆత్రంగా వినిపించింది. "ఒరే పోలారావూ, కోడలు కుడికాలే గదరా ముందు పెట్టింది?"

"కుడిదేనయ్యా" అన్నాడు పెంకుల కిందనుంచి పోలారావు. "ఎడంది ఇంకా గోడవతలే ఉంది."

నలుగురి మనసూ కుదుటపడింది.